నీలంలో ఏ నీలం?

కంపెనీ వార్షిక సమావేశం ఎలా జరపాలో తేల్చడానికి ముందుగా ఒక సమావేశం పెడతారు. ఆ సమావేశానికి ఎవరెవర్ని పిలవాలో తేల్చడానికి అంతకంటే ముందు "ఓ పది నిమిషాల కాల్" ఉంటుంది. అందులో సగం సేపు ఎవరో ఒకరికి మీరు మ్యూట్‌లో ఉన్నారండీ అని చెప్పడంతోనే గడిచిపోతుంది. ఇదంతా మీకు తెలియనిది కాదు. ఈ వ్యాసాన్ని కూడా మీరు అలాంటి కాల్‌లో కెమెరా ఆపేసి చదువుతూ ఉండొచ్చు. కానివ్వండి.

నా బాధ మాత్రం బ్యాక్‌డ్రాప్ గురించి.

వేదిక వెనక కట్టే ఫ్లెక్సీ అది. దాని మీద కంపెనీ పేరు, తేదీ, "కలిసి ముందుకు" లాంటి ఎవరూ కాదనలేని మాట ఒకటి ఉంటాయి. దాని ఉద్యోగమల్లా మాట్లాడేవాళ్ల వెనకాల నోరు మూసుకుని వేలాడటం. రంగు నీలం అని మొదటి నిమిషంలోనే అందరూ ఒప్పేసుకున్నారు. ఏ నీలం అన్న దగ్గర వచ్చింది చిక్కు. ఫైనాన్స్ పెద్దాయన నమ్మకం కలిగించే నీలం కావాలన్నారు. మార్కెటింగ్ మేడమ్‌కి ఉత్త నమ్మకం చాలదు, ఆ నీలంలో ఉత్సాహం కూడా ఉండాలి. హెచ్ఆర్ ఆయన అందర్నీ కలుపుకుపోయే నీలం అయితే బాగుంటుందన్నారు. ఎవరూ నవ్వలేదు. ఈలోగా ఒకరు నిరుటి నీలం ఫొటో వెతికి తీశారు. దాన్ని అప్పట్లో ఎవరు ఆమోదించారన్న విచారణ మొదలైంది. ఆమోదించినవాళ్లు ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు కాబట్టి తప్పంతా వాళ్లదేనని తేలింది. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న పెద్దసారు తలెత్తి, "ఇంకొంచెం నీలంగా ఉంటే ఎలా ఉంటుంది?" అన్నారు. అందరూ గబగబా రాసుకున్నారు.

ఇందులో ఓ సాంకేతిక ఇబ్బంది ఉంది. ప్రింటింగ్ చేసే కుర్రాడు చెప్పబోయాడు గానీ అతని వంతు రాలేదు. తెర మీద కనిపించే రంగు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కలయిక. అచ్చులో దిగే రంగు సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల కలయిక. తెర మీద ధగధగలాడే నీలాల్లో కొన్ని ఆ సిరాలకు అందనే అందవు. మసకబారో, ఊదాలోకి తిరిగో దిగుతాయి. పైగా ఒక్కో ల్యాప్‌టాప్ ఒక్కో తీరులో చూపిస్తుంది. అంటే ఆ కాల్‌లో ఎన్ని తెరలున్నాయో అన్ని నీలాలున్నాయి. పక్కవాడికి కనబడని రంగు కోసం ఒక్కొక్కరూ పానిపట్టు యుద్ధం చేశారన్నమాట. ఇక వేదిక మీద పసుపు లైట్లు పడ్డాక ఏ నీలమూ తన రంగులో ఉండదు. ఈ మాట చెప్పడానికి ఆ కుర్రాడికి ఒక్క నిమిషం చాలు. ఎజెండాలో ఆ ఒక్క నిమిషమే లేదు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944లో, అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్ఎస్ ఒక రహస్య కరపుస్తకం తయారుచేసింది. సీఐఏ పుట్టకముందు ఆ పని చూసింది ఈ సంస్థే. శత్రువు చేతిలో ఉన్న దేశాల్లో మామూలు జనం ఆయుధాలు లేకుండానే పనులు ఎలా చెడగొట్టాలో అందులో రాశారు. యంత్రాలు పాడుచేయడం, రైళ్లను ఆలస్యం చేయడం సరే, ఆఫీసులకీ ఓ భాగం కేటాయించారు. వీలైనప్పుడల్లా విషయాన్ని కమిటీకి పంపండి. కమిటీలో ఎంత ఎక్కువమంది ఉంటే అంత మంచిది, ఐదుగురికి మాత్రం తగ్గకూడదు. సంబంధం లేని సంగతులు తరచుగా ఎత్తండి. మినిట్స్‌లో ప్రతి పదం మీదా పేచీ పెట్టండి. కిందటి మీటింగ్‌లో తేలిపోయినదాన్ని మళ్లీ తిరగదోడండి. అర్జెంటు పని ఉన్నప్పుడే సమావేశాలు పెట్టండి. పాపం, ఆ రోజుల్లో ఈ పనులు ప్రాణాలకు తెగించి చేయాల్సి వచ్చేది. ఇప్పుడు చేస్తే అప్రైజల్‌లో మంచి రేటింగ్ వస్తుంది.

ఇంత మథనంలోనూ ఎవరూ ముట్టుకోని సంగతులు కొన్ని ఉన్నాయి. మైక్‌కి అదనపు బ్యాటరీలు ఉన్నాయా? వెనక వరుసవాళ్లకి స్లైడ్ల మీది అక్షరాలు కనిపిస్తాయా? వీల్‌చైర్‌లో వచ్చే ఉద్యోగి వేదిక ఎక్కి అవార్డు తీసుకోవాలంటే ర్యాంప్ ఏదీ? కొత్తగా చేరిన ఒకమ్మాయి ధైర్యం చేసి, అసలు ఈ సమావేశం దేనికండీ అని అడిగింది. అది విడిగా మాట్లాడుకుందామన్నారు.

చివరికి ఫ్లెక్సీ ఊదాగా దిగింది. సమావేశం ముందు రోజు రాత్రి ఫోన్లు మోగాయి. మళ్లీ ప్రింటు వేయమన్నారు. కుర్రాడు మళ్లీ వేశాడు. అర్ధరాత్రి దాటాక నలుగురు మనుషులు నిచ్చెనలెక్కి పాతది విప్పి కొత్తది కట్టారు. హాలు నిండా వేసిన కుర్చీలు వాళ్లు మోసుకొచ్చినవే, కానీ ఒక్క క్షణం కూర్చోవద్దన్నారు, కవర్లు నలుగుతాయట. తెల్లారేలోపు వెనక గుమ్మం గుండా వెళ్లిపొమ్మన్నారు, అతిథుల కంట పడకూడదట. పొద్దున పెద్దసారు వేదికెక్కి "ఈ విజయం వెనక ఉన్న ప్రతి ఒక్కరికీ" అని మొదలుపెట్టగానే మైక్ చచ్చిపోయింది. ఆ ప్రతి ఒక్కరూ ఎవరో హాల్లో ఎవరికీ వినపడలేదు.

ఇప్పుడు బిల్లు సంగతి. తొంభై రోజుల గడువు అన్నారు, అది దాటిపోయింది. అడిగితే రెండో ప్రింటుకి రాతపూర్వక ఆమోదం లేదంటున్నారు. నీలంలో ఎంత నమ్మకం ఉండాలో పేజీలకు పేజీలు మినిట్స్ రాసుకున్న మనుషులు, రాత్రిపూట ఫోన్లో ప్రాణం తీసి చేయించుకున్న పనికి కాగితం చూపించమంటున్నారు! సిగ్గుండాలి. నిచ్చెనలెక్కిన నలుగురికీ ఆ కుర్రాడు అప్పు చేసి కూలి ఇచ్చాడు. వాళ్లని తొంభై రోజులు ఆగమనే ధైర్యం, మనసు అతనికి లేవు, మీకున్నట్టు.

ఆ డబ్బు ఇచ్చేయండి, రెండో ప్రింటుది కూడా. దీనికి మీటింగ్ అక్కర్లేదు.