ముప్పై సెకన్ల శుద్ధి

విజయనగరం గంటస్తంభం పరిసరాల్లోని మందుల దుకాణాల్లో నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగుల మౌత్‌వాష్ సీసాలు బారులు తీరి ఉండడం చూసినవారెవరైనా నోటి శుద్ధిలో మన జిల్లా ఎంత ముందుకు పోయిందో ఇట్టే గ్రహిస్తారు. వేపపుల్ల నమిలి, ఉప్పునీళ్లు పుక్కిలించిన తరానికి తాము ఎంత చవకగా బతికామో తెలియనే తెలియదు.

ఈ ద్రవాలది సామాన్యమైన వంశం కాదు. 1879లో అమెరికాలో పుట్టిన లిస్టరిన్‌ను మొదట శస్త్రచికిత్సల్లో క్రిములను చంపడానికి ఉద్దేశించారు. నోటి దుర్వాసన వల్ల పెళ్లిళ్లు తప్పిపోతాయన్న సత్యాన్ని 1920లలో ప్రకటనలే జనానికి బోధించాయి. లిస్టరిన్‌లోని థైమాల్ మన వాములో దండిగా ఉండే పదార్థమే. అయినా వంటింట్లో వాము నమలడం మోటుతనమనీ, అదే ఘాటును మూతతో కొలిచి పుక్కిలించడం నాగరికతనీ ఒప్పుకోక తప్పదు.

క్రిములను చంపే పుక్కిలింత మందు క్లోర్‌హెక్సిడిన్ విషయంలో మన భక్తి మరీ గాఢమైనది. చిగుళ్లు వాచాయని దంతవైద్యుడు కొద్ది రోజులకు రాసిచ్చిన మందును, చీటీ మడతల దగ్గర చిరిగిపోయాక కూడా ఏళ్ల తరబడి వాడుతూనే ఉంటాం. పేస్టులోని నురుగు పదార్థం ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది కనుక తోమిన తరువాత అరగంట ఆగమంటారు. మనం రెండు పనులూ ఒక్క బిగిన ముగించి, ఆపైన టీ తాగుతాం. కొన్నాళ్లకు నాలుకకు రుచి తప్పుతుంది, పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి, వాటిని గీకించుకోవడానికి మళ్లీ ఆ వైద్యుడి దగ్గరికే వెళతాం. రోగికీ వైద్యుడికీ మధ్య బంధాన్ని ఇంత పదిలంగా కాపాడే మందు మరొకటి ఉన్నట్టు లేదు. పళ్లకు పట్టిన పాచి మాత్రం బ్రష్షు తగిలితే తప్ప కదలదు. కాకపోతే ఇప్పుడది పరిమళిస్తుంది.

మన పల్లెల్లో చుట్ట నిప్పుకొసను నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే మామ్మలు ఇంకా ఉన్నారు. ఆ వేడికీ పొగకూ అంగిలి తెల్లబారుతుందనీ, కొందరిలో అది క్యాన్సరుగా మారుతుందనీ వైద్యులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. పైడితల్లమ్మ పండగకు పట్నం నుంచి వచ్చిన మనవడు చుట్ట కంపు భరించలేక మామ్మ చేతిలో పుదీనా సీసా పెట్టి, ముప్పై సెకన్లు దగ్గరుండి లెక్కపెట్టి మరీ పుక్కిలింపజేస్తాడు. ఆమె నోరు తెరిపించి అంగిట్లోకి టార్చి వేసి చూసే పనిని మాత్రం ఇంతవరకు ఏ కంపెనీ సీసాలో పోసి అమ్మలేదు కనుక, దాన్ని ఎవరూ మొదలుపెట్టలేదు.