మన పోలీసు బండ్ల మోడ్‌లూ, చెరిపేసిన పేర్లూ

వీడియో గేముల కోసం పోలీసు వాహనాల మోడ్‌లు (ఆటలో లేని బండిని చేర్చే ఫైళ్లు) తయారు చేసి ఉచితంగా పంచడం మంచి పని అని నేను నమ్ముతాను. నేనూ ఆ పనిలో ఉన్నవాడినే. కానీ ఒకరు కష్టపడి చేసిన బండిని డౌన్‌లోడ్ చేసుకుని, దానితో వచ్చిన రీడ్‌మీ ఫైలును (ఎవరు చేశారో, ఎలా వాడాలో చెప్పే ఫైలును) తీసేసి, మోడల్ చేసినవారి పేరూ, లైట్‌బార్ (పైకప్పు మీది లైట్ల వరుస) చేసినవారి పేరూ, రంగుల పని చేసినవారి పేరూ చెరిపి, కొత్త జిప్‌లో పెట్టి తమ ఛానెల్‌లో పంచే అలవాటు మన తెలుగు గేమర్లలో బలంగా పాతుకుపోతోంది. చాలామంది దీన్ని పట్టించుకోవలసినంత విషయం కాదనుకుంటున్నారు. మన ప్రాంతపు బండ్లు ఆటల్లో ఇంకా రావాలని కోరుకునేవారు ముందుగా మానుకోవలసింది ఈ అలవాటునే అని నా అభిప్రాయం.

హనుమకొండలో ఉండే నేను, కరీంనగర్‌లో ఉండే ఒక తమ్ముడు, మంచిర్యాల మిత్రుడు ఒకరు కలిసి జీటీఏ 5 అనే ఆట కోసం తెలంగాణ పోలీసు బొలెరో చేశాం. అడిగిన ప్రతివారికీ లింకు ఇచ్చాం. ఈ మధ్య అదే బండి ఒక ఛానెల్‌లో 99 రూపాయలకు అమ్మకానికి కనిపించింది. వెనుక స్పేర్ టైరు కవరు మీద మేము గుర్తుగా వేసుకున్న సన్నని గీత కూడా చెక్కుచెదరకుండా ఉంది, మా పేర్లు మాత్రమే లేవు. అడిగితే, "నెట్ల ఉన్నదే కదన్నా, ఎవరిదైతే ఏంది?" అని జవాబు వచ్చింది. ఆ 99 రూపాయల గురించి నాకు బాధ లేదు. లైట్ల పని అంతా ఒంటి చేత్తో చేసిన కరీంనగర్ తమ్ముడు ఆ రోజు నుంచి బ్లెండర్ (3డీ మోడల్‌లు చేసే సాఫ్ట్‌వేర్) తెరవడం మానేశాడు, "ఎందుకన్నా, మళ్ల గట్లనే చేస్తరు" అంటున్నాడు. అతనికి చెప్పడానికి నా దగ్గర సరైన సమాధానం లేకపోవడమే నన్ను ఇంత పొడవున రాయిస్తోంది.

ఒక బండి వెనుక ఏ పని ఉంటుందో తెలియకపోవడం వల్లే "ఎవరిదైతే ఏంది" అన్న మాట అంత తేలికగా వస్తుందని నేననుకుంటాను. పని ఫొటోలతో మొదలవుతుంది. పోలీస్ స్టేషన్ ముందు నిలబడి వాహనాన్ని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీస్తే ఎవరైనా అనుమానిస్తారు, అనుమానించడం వారి బాధ్యత కూడా. కాబట్టి అడిగి తీసుకోవాలి. ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుగుతుంది. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో ప్రాణాలిచ్చిన 10 మంది పోలీసుల జ్ఞాపకంగా ఆ రోజును పాటిస్తారు. ఆ దినం సందర్భంగా ఓపెన్ హౌస్ పెట్టి విద్యార్థులకు ఆయుధాలు, వాహనాలు చూపించే ఆనవాయితీ ఉంది. అక్కడ మర్యాదగా అడిగితే వైర్‌లెస్ సెట్టు ఎక్కడ బిగించారో, మైకు తీగ ఎటు వేలాడుతుందో, లైట్‌బార్ పైకప్పు అంచుకు ఎంత దూరంలో ఉందో దగ్గరగా చూడనిస్తారు. తలుపు మీది అక్షరాలకూ చక్రానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో గూగుల్‌లో దొరికే ఏ ఫొటోలోనూ సరిగ్గా తెలియదు.

తరువాత మోడల్ పని వస్తుంది. బ్లెండర్‌లోనో, అలాంటిదే అయిన జడ్‌మోడలర్‌లోనో శరీరం తయారయ్యాక, దగ్గరగా చూసినప్పుడు ఒక మోడల్, దూరం పెరిగే కొద్దీ తక్కువ గీతలతో మరికొన్ని మోడల్‌లు చేయాలి. లేకపోతే నాలుగు బండ్లు ఒకచోట చేరగానే మామూలు కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. జీటీఏ 5 జరిగే ఊళ్లలో బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, డ్రైవరు ఎడమ సీటులో కూర్చుంటాడు. మన బొలెరోలో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. స్టీరింగ్‌ను అటు జరిపితే సరిపోదు, సీట్ల స్థానాలనూ, తలుపు తెరిచి ఎక్కే కదలికలనూ దానికి తగ్గట్టు సర్దాలి, లేకపోతే మనిషి తలుపులోంచి దూరి ఎదుటి సీటులో తేలుతాడు. మంచిర్యాల మిత్రుడు ఈ ఒక్క పనికి పెట్టిన ఓపికను నేను పక్కనుండి చూశాను.

అన్నిటికంటే సున్నితమైన పని లైట్లది. జీటీఏ 5లో ఒక బండికి 20 దాకా సైరన్ లైట్లు పెట్టుకోవచ్చు. ఒక్కో లైటు ఒక చుట్టులో 32 విడతలు నడుస్తుంది. ప్రతి విడతలో వెలగాలంటే 1, ఆరాలంటే 0 అని రాసుకుని, ఆ 32 అంకెల వరుసను మామూలు సంఖ్యగా మార్చి ఫైలులో పెట్టాలి. ఒకటి విడిచి ఒకటి వెలిగే లైటుకు 2863311530 అని రాస్తే, దానికి ఎదురు తాళంలో నడిచే లైటుకు 1431655765 అని రాయాలి. అమెరికా షెరిఫ్ బండికి చేసిన వరుసను తెచ్చి బొలెరోకు అతికిస్తే లైట్లు వెలుగుతాయి, కానీ రాత్రి పూట ములుగు రోడ్డు మీద ఎదురయ్యే పెట్రోలింగ్ బండిలా మాత్రం ఉండదు. మన దేశంలో 2017 మే 1 నుంచి మంత్రుల, అధికారుల కార్ల మీది ఎర్రబుగ్గలు తీసేసి, పోలీసు, అగ్నిమాపక వాహనాలకు ఎరుపు, నీలం, తెలుపు కలిసిన లైట్లను అనుమతించారు. ఆ మూడు రంగులు ఏ క్రమంలో, ఎంత వేగంతో మారుతాయో కరీంనగర్ తమ్ముడు వీడియోలను నెమ్మదిగా నడిపి, ఒక్కొక్క విడత చూసి రాసుకున్నాడు. చెరిగిపోయిన పేరు అతనిది.

రీడ్‌మీ తీసేయడం వల్ల జరిగే నష్టం పేరుతో ఆగదు. ప్రతి పోలీసు బండి మోడ్‌కూ ఒక సైరన్ సంఖ్య ఉంటుంది. రెండు మోడ్‌లకు ఒకే సంఖ్య పడితే ఒక బండి లైట్లు మరో బండి మీద తప్పుగా వెలుగుతాయి. ఆ సంఖ్య ఏమిటో, ఢీ కొంటే ఎక్కడ మార్చాలో, ఏ ఫోల్డరులో వేయాలో, ఆట చదివే అదనపు ఫైళ్ల (డీఎల్‌సీ) జాబితాలో ఏ వరుస చేర్చాలో అందులోనే రాస్తాం. అది లేకుండా ఫైళ్లు మాత్రమే తీసుకున్న పదో తరగతి పిల్లవాడు ఆట తెరుచుకోక, ఎవరిని అడగాలో తెలియక ఇబ్బంది పడుతున్నాడు. వాడికి అమ్మినవారు జవాబు చెప్పరు, ఎందుకంటే వారికి తెలియదు.

పాత కంప్యూటర్ల వారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నర్సంపేటలో, భూపాలపల్లిలో, పరకాలలో ఇప్పటికీ జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఆడేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎందుకంటే వాళ్ల కంప్యూటర్ మోసేది అంతే. 2004లో వచ్చిన ఆ ఆటలో మూడు నగరాలకు మూడు పోలీసు కార్లు, పల్లె ప్రాంతాలకు రేంజర్ అనే నాలుగో బండి ఉంటాయి. నగరాల కార్ల స్థానంలో ఇన్నోవా, రేంజర్ స్థానంలో బొలెరో, పోలీసు బైకు స్థానంలో మన పోలీసు గస్తీ దళమైన బ్లూ కోల్ట్స్ మోటారు సైకిల్, పోలీసులు వెంటపడే తీవ్రతను చూపే నక్షత్రాలు నాలుగు పడ్డాక వచ్చే ఎన్‌ఫోర్సర్ వ్యాను స్థానంలో అల్లర్లను అదుపు చేసే మన వజ్ర వాహనం పెడితే ఆ ఆట ఒక్కసారిగా మన నేల వాసన వేస్తుంది. పొలాల మధ్య మట్టి దారిలో బొలెరో వెంబడిస్తూ వస్తే కలిగే ఆనందం నేను మాటల్లో చెప్పలేను. దానికోసం తక్కువ గీతలతో, చిన్న టెక్స్చర్లతో (బండి మీద పరిచే రంగుల బొమ్మలతో) మొత్తం బండిని మళ్లీ చేయాలి. పేర్లు చెరిపి పంచేవారు ఈ రెండో రూపాన్ని అసలు ముట్టుకోరు, ఎందుకంటే దానికి థంబ్‌నెయిల్ మీద మెరుపు ఉండదు.

"ఆట మీది కాదు, బొలెరో డిజైను మీది కాదు, పోలీసు చిహ్నం మీది కాదు, మరి మీ హక్కు ఏంది?" అని ఒక పెద్దమనిషి అడిగారు. న్యాయమైన ప్రశ్నే, జవాబు చెప్పవలసిందే. ఆట మీద మాకు ఏ హక్కూ లేదు. 2017 జూన్‌లో జీటీఏ యజమాని సంస్థ టేక్-టూ, మోడ్‌లు వేయడానికి అందరూ వాడే ఓపెన్ ఫోర్ సాధనాన్ని ఆపమని నోటీసు ఇచ్చినప్పుడు ప్రపంచమంతా మోడర్లు ఆందోళన పడ్డారు. ఆటగాళ్ల నిరసన తరువాత అదే నెలలో ఆటను తయారు చేసిన రాక్‌స్టార్ ఒక ప్రకటన చేసింది. ఒంటరిగా ఆడే ఆటకు చెందినవీ, వ్యాపారం కానివీ, ఇతరుల మేధో హక్కులను గౌరవించేవీ అయిన పీసీ మోడ్‌ల మీద సాధారణంగా చట్టపరమైన చర్య తీసుకోబోమన్నది దాని సారాంశం. మా పని నిలిచి ఉన్నది ఆ సౌజన్యం మీదే. అందుకే మేము ఒక్క రూపాయి కూడా అడగలేదు, మరో కంపెనీ ఆటలోంచి మోడల్ ఎత్తుకురాలేదు. 99 రూపాయలు పెట్టి అమ్మేవారు ఆ షరతునే తెంచుతున్నారు, దాని ఫలితం రేపు అందరి మీదా పడుతుంది. ఇక మాదంటూ ఏముందని అడిగితే, కొత్తవాడలో జంపకాన నేసే కార్మికుడు పత్తి పండించలేదు, మగ్గాన్ని కనిపెట్టలేదు, అయినా ఆ నేత అతని చేతి పనే. మేము కోరుతున్నది యాజమాన్యం కాదు. ఈ పని ఫలానావారు చేశారు అన్న ఒక్క వరుస.

దొంగతనాలు చూసి విసిగి, కొందరు మోడర్లు తమ మోడల్‌లకు తాళం వేస్తున్నారు. ఆటలో నడుస్తుంది కానీ సాఫ్ట్‌వేర్‌లో తెరవడానికి రాదు. వారి కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఈ దారి నాకు నచ్చదు. నేను ఈ పని నేర్చుకున్నది తెరిచి ఉన్న ఇతరుల మోడల్‌లను విప్పి చూసి, మోడల్ లోపలి ఏ ఎముకకు (భాగాలను కదిలించే కీలుకు) ఏ తలుపు కట్టారో, గాజుకు ఏ గుణం ఇచ్చారో గమనించి. తాళం వేస్తే దొంగ మరో బండి వెతుక్కుంటాడు. నిజంగా నష్టపోయేది జనగామలోనో జగిత్యాలలోనో ఒంటరిగా నేర్చుకుంటున్న కుర్రవాడు. కాబట్టి తెరిచే ఉంచుదాం, మార్చుకోనిద్దాం, మార్చినవారు తమ పేరు కింద మన పేరు రాయాలని మాత్రం పట్టుబడదాం.

పోలీసు వాహనం కాబట్టి మరొక బాధ్యత కూడా ఉంది. పేరూ, ఆట గుర్తూ తీసేసిన చిన్న క్లిప్పు వాట్సాప్‌లోకి వెళ్తే, రాత్రి వెలుతురులో తీసిన దృశ్యాన్ని నిజమైన ఛేజింగ్ అని నమ్మేవారు ఉంటారు. జనం గుమిగూడే సమ్మక్క-సారలమ్మ జాతర రోజుల్లో అలాంటి వదంతి ఎంత కీడు చేయగలదో మన వైపు వారికి నేను వివరించనక్కరలేదు. అలాగే 4096 పిక్సెళ్ల టెక్స్చరులో అసలు చిహ్నాన్ని స్పష్టంగా పెట్టి పంచితే, దాన్ని స్టిక్కరుగా ముద్రించి నిజమైన కారు మీద అంటించుకోవడం కష్టం కాదు. ప్రభుత్వోద్యోగిగా నటించడం భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద నేరం. మేము ఆటలో చదవడానికి సరిపోయేంత స్పష్టతే ఉంచుతాం, నంబరు ప్లేటు మీద రోడ్డు మీద ఎన్నడూ ఉండని 0000 వేస్తాం. ఎవరూ చెప్పకుండానే మా ముగ్గురం పెట్టుకున్న నియమాలివి. పేర్లు చెరిపినవారి చేతిలో ఈ నియమాలు కూడా చెరిగిపోతాయి. ఆ ఛానెల్‌లో అమ్ముతున్న బండి మీద ఇప్పుడు 0000 లేదు, ఎవరిదో అసలు నంబరు ఉంది.

కొత్త రూపం పని మొదలుపెట్టాం. 2014లో వచ్చిన టీఎస్ ప్లేటు, 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు ఇస్తున్న టీజీ ప్లేటు రెండూ ఉంటాయి, రెండింటిలోనూ పోలీసు వాహనాలకు వాడే పి సిరీస్ ఉంటుంది. రంగులు మార్చుకోవాలనుకునేవారి కోసం ఖాళీ టెంప్లేటు, లైట్ల సంఖ్యలన్నీ వివరంగా రాసిన తెలుగు రీడ్‌మీ ఇస్తాం. కరీంనగర్ తమ్ముడి పేరు ఫైలులోనే కాకుండా, బండి లోపల సన్‌వైజర్ టెక్స్చరు మీద కూడా వేస్తున్నాను, తొలగించాలంటే ఆ భాగాన్ని మళ్లీ గీయవలసి వస్తుంది. వరంగల్ కమిషనరేట్ 2015లో ఏర్పడక ముందు ఈ జిల్లాలో తిరిగిన జిప్సీలు, సుమోల ఫొటోలు మీ ఇళ్లలో ఉంటే, ముఖ్యంగా పక్క నుంచి, వెనుక నుంచి తీసినవి ఉంటే పంపండి. మనుషుల ముఖాలు, నంబర్లు మేమే కనిపించకుండా చేస్తాం. ఫొటో ఇచ్చినవారు ఒప్పుకుంటే వారి పేరు కూడా రీడ్‌మీలో చేరుతుంది.