నవ్వుమొహం మాస్కు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గై ఫాక్స్ మాస్కు గారికి,

నమస్కారాలు. తెల్లటి మొహం, గులాబీ బుగ్గలు, పైకి మెలితిరిగిన మీసం, ఎదుట లాఠీ విరుగుతున్నా చెరగని ఆ చిరునవ్వు. మిమ్మల్ని ఎరగనివారు లేరు. ప్రభుత్వం మీద కోపం వచ్చినవాడు ముందు మిమ్మల్ని తగిలించుకుంటాడు, నినాదం సంగతి దారిలో చూసుకుంటాడు. నియంతలకు ఉత్తరం రాస్తే ఎలాగూ చదవరు కనుక మీకు రాస్తున్నాను.

మీ వంశచరిత్రతో మొదలుపెడతాను. 1605 నవంబరులో లండన్ పార్లమెంటు భవనం కింద 36 పీపాల మందుగుండుతో దొరికిపోయిన ఆసామి గై ఫాక్స్. ఆయనకు ప్రజాస్వామ్యం బెంగ ఏమీ లేదు. ప్రొటెస్టెంటు రాజును సభతో సహా పేల్చేసి కాథలిక్కు పాలన తేవాలన్నది ముఠా పథకం. చిత్రహింసలు పెట్టి, మరుసటి జనవరిలో ఉరికంబం ఎక్కించారు. ఏటా నవంబరు 5న దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోవాలని పార్లమెంటు చట్టమే చేసింది. జనం ఆయన దిష్టిబొమ్మను మంటల్లో వేసి పండగ చేసుకున్నారు, మనవాళ్ళు దీపావళికి నరకాసురుణ్ణి తగలబెట్టినట్టే. ఆ నరకాసురుడి మొహాన్నే ప్లాస్టిక్‌లో అచ్చుపోసి, తగిలించుకుని ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో కూర్చుంటే ఎలా ఉంటుందో, మీ వైభవం అలా ఉంది.

ఆ వైభవం 1982లో మొదలైంది. అలన్ మూర్ రాయగా డేవిడ్ లాయిడ్ బొమ్మలు వేసిన 'వీ ఫర్ వెండెట్టా' అనే కామిక్ కథలో అణుయుద్ధం తర్వాత బ్రిటన్ ఒక ఫాసిస్టు పార్టీ గుప్పిట్లోకి పోతుంది. నల్లవారినీ, స్వలింగ ప్రేమికులనూ శిబిరాలకు తోలేస్తుంది. వీధుల్లో కెమెరాలు. శిబిరం నుంచి తప్పించుకున్న ఒకడు మిమ్మల్ని పెట్టుకుని పాలకుల భవనాలు ఒక్కొక్కటే పేలుస్తాడు. అయితే మూర్ అతణ్ణి దేవుణ్ణి చేయలేదు. ఈవీ అనే అమ్మాయికి భయం పోగొట్టాలని అతనే ఆమెను దొంగ జైల్లో పడేసి, గుండు గీయించి, రోజుల తరబడి హింసిస్తాడు. విముక్తి పాఠమే, పాఠ్యపుస్తకం మాత్రం శత్రువుది! ఈ ఇబ్బందికరమైన ఘట్టం మీ అభిమానుల చొక్కాల మీద ఎక్కడా అచ్చయినట్టు లేదు.

2006లో ఆ కథ సినిమాగా వచ్చింది. చివర్లో వేలమంది మిమ్మల్నే తగిలించుకుని పార్లమెంటు వైపు నడుస్తారు. మాస్కులు అందరికీ పార్శిల్లో ఉచితంగా వస్తాయి. ఈ ఒక్క విషయంలోనే సినిమా పూర్తి కల్పన.

ఎందుకంటే బయట మీకో ధర ఉంది. 2008లో అనానిమస్ అనే అజ్ఞాత ఇంటర్నెట్ బృందం, సైంటాలజీ అనే మత సంస్థ కార్యాలయాల ముందు మిమ్మల్ని పెట్టుకుని నిలబడింది. 2011లో న్యూయార్క్‌లో వాల్‌స్ట్రీట్ ఆక్రమణ ఉద్యమం వచ్చేసరికి, మిమ్మల్ని అమ్మే రూబీస్ అనే కంపెనీ ఏటా లక్షకు పైగా అమ్ముతున్నట్టు చెప్పింది. ప్రతి మాస్కు మీదా, మీ బొమ్మ హక్కులున్న టైమ్ వార్నర్ అనే వినోద సంస్థకు రాయల్టీ. బడా కార్పొరేషన్లు నశించాలని అరిచే గొంతు ఒక బడా కార్పొరేషన్‌కు కప్పం కట్టి మరీ అరిచిందన్నమాట. ఆ తర్వాత ఆ సంస్థ ఒకసారి ఫోన్ కంపెనీ చేతికి పోయింది, మరోసారి ఇంకో టీవీ సంస్థలో కలిసింది. ఏ చేతిలో ఉన్నా మీరు అదే నవ్వు నవ్వారు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. అదే న్యూయార్క్‌లో మొహాలు కప్పుకున్న ఆందోళనకారులను పట్టుకోవడానికి పోలీసులు బయటికి తీసిన చట్టం 1845 నాటిది. భూస్వాములకు కౌలు కట్టం పొమ్మన్న రైతులు గొర్రెతోలు ముసుగులు వేసుకుని అధికారులను తరిమితే, వారికోసం చేసిన చట్టమది. పాపం వాళ్ళకు రాయల్టీ కట్టాలని తెలియదు.

మీ మొహమాటం కూడా మెచ్చుకోదగినదే. ఎవరినీ కాదనరు. 2012 జనవరిలో పోలండ్ పార్లమెంటులో కొందరు ప్రతిపక్ష సభ్యులు ఒక అంతర్జాతీయ కాపీరైటు ఒప్పందానికి నిరసనగా మిమ్మల్ని మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. మిమ్మల్ని పోషిస్తున్నదే కాపీరైటు. చక్రవర్తి బొమ్మ ఉన్న నాణెంతో చక్రవర్తినే కొట్టడం లాంటి ఘనకార్యాన్ని కూడా నవ్వుతూనే భరించారు.

అయినా మిమ్మల్ని పూర్తిగా తీసిపారేయలేను, ఆ ఘనత మీ శత్రువులది. 2013 ఫిబ్రవరిలో బహ్రెయిన్ ప్రభుత్వం మీ దిగుమతిని నిషేధించింది. సైన్యమూ జైళ్ళూ చేతిలో ఉన్న రాజ్యం ఒక ప్లాస్టిక్ బొమ్మ మీద గెజెట్ తీసిందంటే, మీలో ఏదో ఉన్నట్టే. హాంకాంగ్‌లోనైతే 2019 అక్టోబరులో, బ్రిటిష్ వారు 1922లో చేసిన అత్యవసర చట్టాన్ని దుమ్ము దులిపి, సభల్లో మొహం కప్పుకోవడం నేరమన్నారు. నెల తిరిగి నవంబరు 5 రాగానే జనం మిమ్మల్నే పెట్టుకుని వీధిలోకి వచ్చారు. మరుసటి ఏడాది కోవిడ్ వచ్చింది. మాస్కు లేకుండా బయటికొస్తే జరిమానా అని అదే ప్రభుత్వం అంది. ఆ డిసెంబరులో అత్యున్నత న్యాయస్థానం మాస్కు నిషేధమూ చెల్లుతుందని తేల్చింది. ఇంతకంటే వింత ప్రభుత్వాన్ని మూర్ కూడా ఊహించలేదు.

ఇంతకీ నా ఫిర్యాదు మీ మీద కాదేమో, మిమ్మల్ని ఎంచుకున్న మా మీదేమో. మూర్ కథలో మరో తిరుగుబాటు ఉంది. జైలు గదిలో ఎలుక కన్నంలో ఈవీకి ఒక ఉత్తరం దొరుకుతుంది. శిబిరంలో చనిపోయిన వాలరీ అనే నటి, దాచుకున్న పెన్సిలు ముక్కతో టాయిలెట్ కాగితం మీద తన జీవితం రాసిపెట్టింది. ఎవరు చదువుతారో ఆమెకు తెలియదు, అయినా ఆ తెలియని మనిషిని ప్రేమిస్తున్నానంది. ఆ కాగితం చదివాకే, సంతకం పెడితే వదిలేస్తామన్నా ఈవీ పెట్టదు, తుపాకీ ముందుకు నడవడానికి సిద్ధపడుతుంది. పేలిన భవనాలన్నిటికంటే ఆ నిరాకరణే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. పేలుడు ఆలోచన ఒకరిది, మిగతావారిది చూడటమే. సంతకం పెట్టకపోవడం మాత్రం ఎవరికివారు, మొహం కనబడుతుండగా చేయాల్సిన పని.

టాయిలెట్ కాగితాన్ని అచ్చుపోసి ఎలాస్టిక్ తగిలించి అమ్మలేరు. అందుకే మార్కెట్‌కు మీరొచ్చారు, ఆమె రాలేదు.

ఇట్లు,
మొహం మీద ఇంకా ఏమీ తగిలించుకోని
ఒక పాఠకుడు

తా.క.: మీకు చేతులు లేవు గనుక, జవాబును మీ యజమానుల న్యాయవాదుల ద్వారా పంపినా నాకు అభ్యంతరం లేదు.