పదకొండు నెలల అగ్రిమెంటు గారికి 2వ పార్టీ రాయు లేఖ

శ్రీయుత అద్దె అగ్రిమెంటు గారికి,

విజయవాడ, మొగల్రాజపురం, రెండో అంతస్తు వెనక పోర్షన్ నుంచి 2వ పార్టీ, అనగా అందులో అద్దెకున్నవాడు, నమస్కరించి రాయునది. మేము క్షేమం. వచ్చే నెలతో మీ గడువు తీరిపోతుందని మెట్ల మీద ఎదురుపడినప్పుడల్లా 1వ పార్టీ వారు, అనగా ఇంటివారు, గుర్తు చేస్తున్నారు. మీ గురించి నాకు బెంగ లేదు లెండి. మీరు పోతే మీ తమ్ముడు వస్తాడు, ఒంట్లో పది శాతం కండ పట్టి.

మనం మొదట కలుసుకున్నది సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట, డాక్యుమెంటు రైటరు బల్ల దగ్గర. ఆయన కంప్యూటర్లో మీరు ముందే సిద్ధంగా ఉన్నారు. నా పేరు, మా నాన్న పేరు, అద్దె అంకె మార్చి వంద రూపాయల స్టాంపు కాగితం మీద అచ్చు తీశారు. తొందరలో ఆరో షరతు దగ్గర నాకు ముందున్న ఆయన పేరు అలాగే మిగిలిపోయింది. ఆ ప్రకారం గోడలకు మేకులు కొట్టనని హామీ ఇచ్చింది ఆయన. ఆ మనిషి ఇల్లు ఖాళీ చేసి ఎక్కడ ఉంటున్నాడో ఏమో, అక్కడి గోడలకు మేకులు కొట్టుకునే ఉంటాడు. ఇక్కడ మా పెళ్లి ఫొటో మాత్రం ఇప్పటికీ బీరువాకు ఆనుకుని నేల మీదే నిలబడి ఉంది.

మీలో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది: ‘ఎవరి బలవంతము, ప్రోద్బలము లేక, నా పూర్తి ఇష్టముతో.’ సంతకం పెట్టిన నాటి నా ఇష్టం గురించి మీకు చెప్పాలి. ఆషాఢం వస్తే పాలు పొంగించకూడదని మా అమ్మ, బడి తెరుస్తున్నారని మా ఆవిడ, నెల అద్దె కమిషన్ చేతిలో పడితేనే తాళం అని బ్రోకరు. అప్పటికే పటమట, గుణదల, భవానీపురం చుట్టేశాను. ఇంటి కొలతలకన్నా ముందు ‘మీరేమిటి వాళ్ళండీ?’ అన్న ప్రశ్నే ఎదురయ్యేది. కొందరు అది కూడా అడగకుండా మాంసం తింటారా అని మర్యాదగా చుట్టు తిరిగి వచ్చేవారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచాక బ్రోకర్లు కొత్త మంత్రం నేర్చారు: ‘ఇక్కడికి నీళ్లు రాలేదండీ.’ నీళ్లు రాకపోవడానికి కూడా అద్దె ఉంటుందని అప్పుడే తెలిసింది. ఎండాకాలం కుళాయిలో రాకపోవడం అందులో కలవదట.

ఇక మీ వయసు సంగతి. చాంద్రమాన సంవత్సరం సౌరమానానికి సుమారు 11 రోజులు తక్కువ పడుతుంది కాబట్టి పంచాంగకర్తలు అధిక మాసం చేర్చి సరిచేస్తారు. మీరు ఏకంగా ఒక నెల తగ్గించి ఊరుకున్నారు. పదకొండేళ్లు మీ నీడన బతికితే పదకొండు సార్లు పెరగవలసిన అద్దె పన్నెండు సార్లు పెరుగుతుంది. 12,000తో మొదలైన అద్దె పదేసి శాతం చొప్పున నాలుగు పెంపులకు 17,569 అవుతుంది. అందుకు మీకు నాలుగేళ్లు కూడా అక్కర్లేదు, మూడేళ్ల ఎనిమిది నెలలు చాలు.

ఎందుకండీ ఈ పదకొండు అంటే అందరూ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం వైపు చూపిస్తారు. ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయాలి, అది తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించారు అని. బాగానే ఉంది. కానీ మన రాష్ట్రంలో 1999లోనే ఆ చట్టాన్ని సవరించి, గడువుతో నిమిత్తం లేకుండా లీజులన్నీ రిజిస్టరు చేయాలన్నారు. అంటే తమరు ఏ గండం తప్పించుకోవడానికి పుట్టారో ఆ గండం తమరి చేత తప్పదని తేలి పాతికేళ్లు దాటింది. ఈ విషయం చట్టానికి తెలుసు, డాక్యుమెంటు రైటరుకు తెలుసు. చెప్పుకోవడానికి తమరికే మొహమాటం.

అబద్ధాల విషయంలో మాత్రం తమరికి మొహమాటం లేదు. నేనిచ్చేది 12,000, మీలో ఉన్నది 8,300. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటద్దె భత్యం మీద పన్ను మినహాయింపుకు ఇంటివారి పాన్ నంబరు మా ఆఫీసులో ఇవ్వాలి. ఆ మాట ఎత్తగానే 1వ పార్టీ వారు ఆధార్, పాన్, జాతకం కలిపి అడిగినట్టు ముఖం పెట్టారు. 8,300ను పన్నెండుతో గుణిస్తే 99,600. ఏడాదికి పదకొండు నెలలే అన్న మీరే ఇక్కడ పన్నెండుతో గుణించడం నాకు ముచ్చటేసింది. మిగతా 3,700 ప్రతి నెలా కవరులో, చేతికి.

పెంపుకు కారణాలు మీలో రాయరు, అవి నోటితో చెబుతారు. 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని ఇటువైపే అనగానే పెంచారు. 2015లో అమరావతికి శంకుస్థాపన, పెంచారు. 2016లో హైదరాబాదు నుంచి సచివాలయ ఉద్యోగులు వచ్చారు, పెంచారు. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు కదా, ఇప్పుడైనా తగ్గిస్తారా అని అప్పటి ఇంటాయనను అడిగాను. రాజధాని పోతే తనకు వచ్చిన నష్టం ఎవరు పూడుస్తారని ఆయన నన్నే అడిగారు. 2025లో పనులు మళ్లీ మొదలయ్యాయి. చెప్పాలా?

అడ్వాన్సు మాట క్లుప్తంగా. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ వద్దంటుంది. అది నమూనా. నా దగ్గర తీసుకున్నది మూడు నెలలది, అది అసలు. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు పట్టుకుని మిగిలింది ఇస్తారట. గోడకు మేకే కొట్టనివాడు ఏ గోడ పాడుచేశాడని రంగులు?

మీ తమ్ముడికి ఒక మాట చెప్పి వెళ్లండి. అద్దె ఎలాగూ పెరుగుతుంది, ఆ సంగతి నేను చూసుకుంటాను. ఆరో షరతులో మాత్రం ఆ పాత మనిషి పేరు తీసేయించవద్దు. ఫొటో ఎక్కడ పెట్టాలో మా ఆవిడ ఇప్పటికే గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంది.

ఇట్లు,
2వ పార్టీ

తా.క.: మా ఇంటివారి అబ్బాయి హైదరాబాదులో అద్దెకుంటాడు. మొన్న అక్కడ ఇల్లు ఖాళీ చేస్తే రంగుల పేరుతో నెల అద్దె కోసేశారట. ‘ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా అండీ?’ అని 1వ పార్టీ వారు మెట్ల మీద నన్ను ఆపి అడిగారు. లేదండీ అన్నాను. ఎవరి బలవంతమూ లేకుండా, నా పూర్తి ఇష్టంతో.