చిగుళ్ల జబ్బుకు పాచి ఒక్కటే కారణమా?

చిగుళ్ల నుంచి రక్తం కారుతోందంటే ముందు రోగినే అంటాం, సరిగ్గా తోముకోవడం లేదని. అందులో నిజం లేకపోలేదు. 1965లో దంత పరిశోధకుడు హారాల్డ్ లోయె బృందం డెన్మార్క్‌లో ఆరోగ్యంగా ఉన్న కొందరి చేత పళ్లు తోమడం మాన్పించింది. మూడు వారాల్లోపే అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక తగ్గిపోయాయి.

అదే పరిశోధకుడు 1970 నుంచి 15 ఏళ్లపాటు శ్రీలంక తేయాకు తోటల్లోని 480 మంది కార్మికులను గమనించాడు. వాళ్లకు బ్రష్ అలవాటు లేదు, దంతవైద్యమూ అందలేదు. అందరి పళ్ల మీదా పాచి, గార పేరుకుపోయి ఉన్నాయి. అయినా 8 శాతం మందిలోనే జబ్బు వేగంగా ముదిరింది. 81 శాతం మందిలో నెమ్మదిగా సాగింది. మిగతా 11 శాతం మందిలో చిగుళ్ల వాపు దాటి ముందుకే పోలేదు. పాచి అందరికీ ఉన్నప్పుడు ఇంత తేడా ఎందుకొచ్చింది? బ్యాక్టీరియా కన్నా, దాన్ని ఎదుర్కొనే మన కణాల తీరులోనే జవాబు ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

మాక్రోఫేజ్ అనే రక్షక కణం మామూలుగా గ్లూకోజ్‌ను కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో పూర్తిగా మండించుకుంటుంది. బ్యాక్టీరియా ఎదురైతే పద్ధతి మార్చేస్తుంది. గ్లూకోజ్‌ను సగంలోనే విరిచి వదిలేస్తుంది. దీనివల్ల ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి దక్కే శక్తి చాలా తక్కువే కానీ, అది త్వరగా అందుతుంది. ఈ హడావుడిలో సక్సినేట్ అనే పదార్థం పోగుపడుతుంది. అది హిఫ్-1 ఆల్ఫా అనే ప్రొటీన్‌ను విరిగిపోకుండా నిలబెడుతుందనీ, ఆ ప్రొటీన్ వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఉత్పత్తిని పెంచుతుందనీ డబ్లిన్‌లోని ల్యూక్ ఓనీల్ బృందం 2013లో చూపించింది. చిగుళ్లలో ఆ ఇంటర్‌ల్యూకిన్ ఎక్కువైతే ఎముకను కరిగించే కణాలు చురుకవుతాయి. పన్ను కదలడం అక్కడి నుంచే మొదలు.

విచిత్రమేమిటంటే, అదే కణంలో బ్రేకు కూడా ఉంది. ఏకాడ్-1 అనే ఎంజైము ఇటాకోనేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. సక్సినేట్ పోగుపడటమే కాదు, అది మండటం కూడా వాపును రేపుతుంది; ఇటాకోనేట్ ఆ మండించే ఎంజైమును అడ్డుకుని వాపును అదుపులో పెడుతుంది.

ఇక మందు దొరికినట్టే అనుకోవడం తొందరపాటే. ఇటాకోనేట్ గురించి తెలిసిందంతా ఎక్కువగా ఎలుకల్లోనూ, ల్యాబ్‌లో పెంచిన కణాల్లోనూ చూసిందే. పైగా గ్లూకోజ్‌ను విరిచే ఎంజైములను అణచేస్తే బ్యాక్టీరియాతో పోరాడే కణాలు కూడా నీరసిస్తాయి. వాపు మందుల అనుభవం మనకు ఉండనే ఉంది. వాపుకు తోడ్పడే సైక్లోఆక్సిజనేజ్ అనే ఎంజైమును అడ్డుకునే మాత్రలతో దవడ ఎముక అరుగుదల నెమ్మదించినా, ఏళ్ల తరబడి వాడితే కడుపు, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే అవి నిత్య చికిత్సగా నిలబడలేదు. బ్యాక్టీరియాను చంపనంత తక్కువ మోతాదులో, రోజుకు రెండుసార్లు 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి, చిగుళ్లకు పట్టునిచ్చే కొల్లాజెన్‌ను కోసే ఎంజైమును అణచడానికి అమెరికా 1998లో అనుమతిచ్చింది. అదైనా పళ్ల గార తీసే స్కేలింగ్‌కు తోడుగానే, దాని బదులుగా కాదు.

కొత్త మాత్ర కోసం ఎదురుచూడటం కన్నా చేతిలో ఉన్నది వాడుకోవడం మేలు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల వాపు ముదురుతుంది. షుగర్ ఉన్నవాళ్ల చిగుళ్లకు చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటును చెప్పే రక్తపరీక్ష) సగటున 0.4 పాయింట్ల వరకు తగ్గుతుందని 2022లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, షుగర్ వైద్యంలో తీసిపారేయదగ్గది కాదు. 2018 నాటి అంతర్జాతీయ వర్గీకరణ కూడా ఈ జబ్బు ఎంత వేగంగా ముదురుతుందో అంచనా వేయడానికి పొగతాగే అలవాటుతో పాటు హెచ్‌బీఏ1సీనీ లెక్కలోకి తీసుకుంటుంది. అది 7 శాతం, ఆపైన ఉంటే అత్యంత వేగంగా ముదిరే గ్రేడులో చేరుస్తుంది. ఆ గ్రేడు వేయాలంటే పళ్ల డాక్టరు ముందు రోగి షుగర్ రిపోర్టు అడగాలి కదా.