లక్షణాల డైరీ గారికి ఒక మామూలు పేషెంటు రాయునది

మహారాజశ్రీ లక్షణాల డైరీ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మనిద్దరిలో కుశలంగా ఉన్నది మీరొక్కరే. అట్ట నలగలేదు, మూల మడత పడలేదు. ఎవరైనా తెరిస్తే కదా నలగడానికి.

ఈ ఉదయం సంగతి మీకు మళ్లీ చెప్పక్కర్లేదు, మీరూ అక్కడే ఉన్నారు. రెండున్నర గంటలు వరండాలో కూర్చుని, నా పేరు పిలిచాక లోపలికెళ్లి, మిమ్మల్ని రెండు చేతులతో డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. 84 రోజులు, రోజుకి ఏడు ప్రశ్నలు, మొత్తం 588 జవాబులు. ఆయన మిమ్మల్ని దగ్గరికి లాక్కున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. లాక్కుని, మీ మీద ప్రిస్క్రిప్షన్ కాగితం పెట్టి రాయడం మొదలెట్టారు, కింద కాస్త మెత్తగా ఉంటారని కాబోలు. "ఎలా ఉందండీ?" అన్నారు తలెత్తకుండా. "మామూలే సార్" అన్నాను. "గుడ్. అవే మందులు వాడండి, మూడు నెలల తర్వాత కనిపించండి." అయిపోయింది.

ఆయన్ని తిట్టుకుంటూనే బయటికొచ్చాను. దగ్గు ఆగి ఊపిరి అందాక చూస్తే కోపం మీ మీదికి మళ్లింది. ఆయన తప్పేముంది? 84 పేజీలు తిరగేసినా మీరు చెప్పేది అదే ముక్క కదా. మామూలే.

ముందు చిన్నాచితకా కానిచ్చేస్తాను. మీ వెనక అట్ట మీద కఫం రంగుల పట్టీ ఒకటి అచ్చేశారు, తెలుపు నుంచి ముదురాకుపచ్చ దాకా. పొద్దున్నే బాత్రూంలో ట్యూబులైటు కింద ఒక చేత్తో కప్పు, ఒక చేత్తో మీరు, గోడకి పెయింటు ఎంచుకునేవాళ్లలా నిలబడతాను. ఆ పచ్చదనం న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల్లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైముదట. లోపల అవి యుద్ధానికి దిగి చస్తుంటే, బయట నేను లేతాకుపచ్చా ముదురాకుపచ్చా అని తేల్చుకోలేక చస్తుంటాను. "ఎన్ని చెంచాలు?" అంటారు. ఏ చెంచా? మింగేసింది లెక్కలోకొస్తుందా? నిద్ర గురించిన ప్రశ్న పక్కన మీరు వేసిన ఐదు బొమ్మ మొహాల గురించి నేనేమీ అనను.

నా వైపు తప్పు లేదనీ అనను. 71వ పేజీ నుంచి 79 దాకా తొమ్మిది రోజులవి ఈ ఉదయం ఆ వరండాలోనే నింపాను. అనుమానం రాకుండా మధ్యలో పెన్ను కూడా మార్చాను (పక్కనావిడ ఇచ్చింది, తన డైరీ నింపడం అప్పుడే అయింది ఆవిడకి). ఇది నేను కనిపెట్టిన విద్యేం కాదు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. దీర్ఘకాలిక నొప్పులున్నవాళ్లకి కాగితం డైరీలిచ్చి, ఎప్పుడు తెరిచారో వెలుతురుని బట్టి పసిగట్టే పరికరం వాళ్లకి తెలియకుండా వాటిలో పెట్టారు. వాళ్లు రాసిన తేదీలూ టైములూ చూస్తే నూటికి 90 ఎంట్రీలు వేళకి నింపినవే. పరికరం చెప్పిన లెక్క 11. నొప్పులవాళ్లే కాదు, దగ్గులవాళ్లమూ ఆ బాపతే.

సరే, అసలు సంగతికొస్తాను. మీ ఏడు ప్రశ్నల్లో ఆరింటికి ఒకటే తోక. దగ్గు మామూలుకంటే ఎక్కువగా ఉందా? కఫం మామూలుకంటే చిక్కగా ఉందా? ఆయాసం మామూలుకంటే పెరిగిందా? అయ్యా, ఏ మామూలు? ఎప్పటి మామూలు? నాది బ్రాంకియెక్టాసిస్. సాగిపోయిన శ్వాసనాళాల్లో సూడోమోనాస్ అనే బాక్టీరియా కాపురం పెట్టి నాలుగేళ్లయింది. బయోఫిల్మ్ అనే జిగురు పొర కప్పుకుని కూర్చుంటుంది, నెబ్యులైజర్‌లో పోసి పీల్చే యాంటీబయాటిక్‌కి కాస్త అణుగుతుంది గానీ ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యదు. నాకు మామూలంటే రోజూ పొద్దున్న ఇరవై నిమిషాలు దగ్గడం.

ఎందుకలా అడుగుతారో నాకు తెలియక కాదు. 2017లో పలు దేశాల నిపుణులు ఒప్పుకున్న లెక్క ఒకటుంది. దగ్గు, కఫం పరిమాణం లేదా చిక్కదనం, దాని రంగు, ఆయాసం లేదా తిరగగలిగే శక్తి, నీరసం, కఫంలో రక్తం. వీటిలో కనీసం మూడు 48 గంటలకి తగ్గకుండా ముదిరి, వైద్యం మార్చాలని డాక్టరుకి అనిపిస్తే దాన్ని ఎగ్జాసర్బేషన్, అంటే జబ్బు ఉధృతం కావడం, అంటారు. ఒక్కసారిగా వచ్చిపడేదాన్ని పట్టుకోవడానికి ఇది బాగానే ఉంది. నాకలా రాదే! వెంట్రుకవాసి చొప్పున పెరుగుతుంది. నిన్నటితో పోలిస్తే ఇవాళ మామూలే, మొన్నటితో పోలిస్తే నిన్న మామూలే. నేను దిగుతున్న కొద్దీ మీ మామూలు కూడా నాతోపాటే దిగుతుంటే ఇక తేడా ఎక్కడ కనిపిస్తుంది? ఆఫీసులో బల్ల కింద మామూలు ఇస్తే పనైనా జరుగుతుంది. మీకు 84 రోజులు, రోజుకి ఆరు మామూళ్లు సమర్పించుకున్నాను.

ఇంతసేపూ మీరు మీరు అంటూ వచ్చాను, ఇక నా వల్ల కాదు. నువ్వు అబద్ధమాడవు, నిజమూ చెప్పవు, గళ్లు గీసుకుని కూర్చుంటావు. నీ గళ్లలో టిక్కు పెట్టడమే జబ్బుని చూసుకోవడం అనుకుని నేను నిజంగా చూసుకోవడం మానేశాను. ఎంత ఒళ్లు మండిందంటే అక్కడే చెత్తబుట్టలో పడేద్దామని, ముందు నా పేరున్న కాగితం చింపుదామని నిన్ను తెరిచాను.

మొదటి పేజీ, సెప్టెంబరు 3. గళ్లన్నిటి కింద "ఇతర విషయాలు" అని నువ్వు దానం చేసిన రెండు గీతలు. కొత్త ఉత్సాహంలో వాటి మీద గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను: "రెండో అంతస్తుకి ఎక్కాను. పైకెళ్లాక కాస్త ఆయాసం. మామూలే." 40వ పేజీలో రాత కొంచెం వంకర పోయింది: "మెట్ల మలుపులో ఒకసారి ఆగాను. మామూలే." అపాయింట్‌మెంటు దగ్గరపడి బుద్ధొచ్చాక, 82వ పేజీలో: "మూడుసార్లు ఆగాను. మామూలే."

అవే మెట్లు. మూడూ నా చేతిరాతే. పైన గళ్లలో మూడు రోజులూ "మార్పు లేదు".

మళ్లీ వెళ్లి కౌంటరు దగ్గర బతిమాలుకున్నాను. ఇంకో నలభై నిమిషాలు కూర్చున్నాక లోపలికి పంపారు. ఈసారి నిన్ను బల్ల మీద పెట్టలేదు, ఆ మూడు పేజీలూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి డాక్టరు గారి మొహం ముందు పట్టుకున్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, రెండుసార్లు చదివి, తెమడలో ఏ క్రిములున్నాయో చూసే కల్చర్‌కీ, ఊపిరి ఎంత ఆడుతోందో కొలిచే స్పైరోమెట్రీకీ రాశారు. "ఇది ముందే చెప్పొచ్చు కదండీ" అన్నారు. నేను నీ వంక చూశాను.

వచ్చేటప్పుడు నర్సమ్మ నీ తమ్ముణ్ణి చేతిలో పెట్టింది. మళ్లీ 84 పేజీలు. నిన్ను పారెయ్యలేదు, ఆ రెండు గీతల పుణ్యాన అలమరలో దాచాను. వాడి పేజీల్లో "మామూలుకంటే" అన్న చోటల్లా కొట్టేసి "సెప్టెంబరు 3 కంటే" అని రాస్తున్నాను. పేజీకి ఆరు చొప్పున 504 చోట్ల. ఇప్పటికి 17వ పేజీలో ఉన్నాను. చెయ్యి లాగుతోంది. దానికి గడి లేదు.

ఇట్లు,
నీ పేషెంటు