మీను అరవ మాట కాదు సామీ

మొన్న మిరుగం (మృగశిర కార్తె) నాడు నల్లగొండల చాపల కోసం లైన్ల నిలవడ్డ, మిరుగానికి చాప తినకపోతే మా ఇంట్ల ఊకోరు, ఎనుక నిలవడ్డ దోస్తు ఒకడు "మీను అంటే అరవోళ్ల మాట రా, మనది చేప" అని షురూ చేసిండు. నాకు కాలింది. రెండు కిలోల కొర్రమీను సంచిల ఏస్కొని మీను మనది కాదంటడేందిర వీడు?

మీను పాత తెలుగు మాటనే. తమిళంల, మలయాళంల, కన్నడంల ఉందంటే మనం వాళ్ల దగ్గర అప్పు తెచ్చుకున్నట్టు కాదు, తాత పొలం అన్నదమ్ములందరికీ వచ్చినట్టు. రానురాను చేప అనుడు అలవాటైంది, మీను పోయి కొర్రమీనుల దాసుకుంది, అంతే. ఇంకో ముచ్చట, మీనరాశి, మీనాక్షి అనంగనే సంస్కృతం అనుకుంటం గదా, ఋగ్వేదంల చేపకున్న మాట మత్స్యం, మీనం మాత్రం మన ద్రావిడ భాషల నుంచే అటు పోయిందని బరో, ఎమెనో అసొంటి పండితులు చెప్పిండ్రు. అంటే ఇచ్చినోళ్లం మనం, మనకే అనుమానం!

వాలుగ చాప పేరు కథ ఇంకా మజా ఉంటది. దాని సైన్సు పేరు వాలాగో అట్టు. ఆ వాలాగో ఏందో కాదు, మన వాలుగనే, 1851ల బ్లీకర్ అనే డచ్చాయన ఆ జాతికి పెట్టిన పేరు. మనోళ్లేమో మార్కెట్ల దాన్నే చూపెట్టి "క్యాట్ ఫిష్ కిలో ఎంత" అంటరు.

ఇగ హైవే మీద హోటళ్ల సంగతి. మా నాయనమ్మకు కూర అంటే నీసు కూరనే, బీరకాయ వండితే "ఇయ్యాల కూర లేదా" అనేది. ఇప్పుడు మెనూల అంతా కర్రీ. అదీ తమిళ కరి నుంచి పోయిందే, ఇంగ్లీషు బట్టలేస్కొని వాపసొచ్చింది. మొన్న ఒక హోటల్ల "తమ్మీ, కొర్రమీను పులుసు ఉందా" అంటే "లేదన్నా, ముర్రెల్ కర్రీ ఉంది" అన్నడు. రెండూ ఒక్కటే చాప గదరా అని నవ్వుకుంట తెమ్మన్న. తెచ్చినంక చూస్తే తెల్లగ జీడిపప్పు ముద్ద, పైన క్రీము, చింతపండు జాడనే లేదు. పులుపు ఉంటెనే గదా పులుసు. లేదని పోరడు చెప్పింది నిజమే.